పిరిడిన్ ఒలికిన పేజీ

మా ల్యాబ్‌లో నోట్‌బుక్కు రాయడానికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. పెన్నుతోనే రాయాలి. ప్రతి పేజీకీ అచ్చువేసిన నంబరు ఉంటుంది కాబట్టి చింపకూడదు. తప్పు రాస్తే రుద్దకూడదు. కింద ఏముందో చదవడానికి వీలుగా అడ్డంగా ఒకే ఒక గీత కొట్టి, పక్కన మళ్లీ రాయాలి. రోజు పని అయ్యాక తేదీ వేసి సంతకం చేయాలి. దాని పక్కన, చూసినవారు అన్న చోట, పక్క బెంచీ మీద పనిచేసేవాళ్లు సంతకం పెట్టాలి. చేరిన మొదటి రోజే మా గైడు ఇవన్నీ చెప్పి, "నోట్‌బుక్కు మీది కాదమ్మా, ల్యాబ్‌ది. థీసిస్ ఇచ్చిన రోజు అన్నీ తిరిగి ఇచ్చేయాలి" అన్నారు.

నాలుగున్నరేళ్లలో నేను ఐదు నోట్‌బుక్కులు నింపాను. పాప పుట్టాక వాటిలో నాలుగోదాన్ని దాదాపు రెండేళ్లు చివరిదాకా చదవలేకపోయాను. చదవకపోతే థీసిస్ లేదు. చదివితే ఏం చూడాల్సి వస్తుందో నాకు తెలుసు.

నేను చేరిన ఏడాది మా గైడు దగ్గర నలుగురం చేరాం. నేను రోజూ నాచారం నుంచి షేర్ ఆటోలో హబ్సిగూడ చౌరస్తా దాకా వెళ్లి, అక్కడి నుంచి నడిచేదాన్ని. ఏడాది తిరక్కుండానే ఒకబ్బాయికి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల కంపెనీ ఉద్యోగం దొరికింది. మూడో ఏట ఒకమ్మాయికి టీచరు పోస్టు వచ్చింది. ఇద్దరూ వెళ్లే రోజు ల్యాబ్‌లో అందరికీ సమోసాలు తెచ్చారు. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ మానేయడమంటే అలాగే ఉండేది. దానికి ఒక తేదీ ఉంటుంది. బెంచీ తుడిచి కొత్తవాళ్లకు అప్పజెప్పాలి, వీడ్కోలు చెప్పాలి. మందుల ఫ్యాక్టరీలు ల్యాబ్‌కి ఇంత దగ్గరగా ఉండకూడదని మా గైడు నవ్వుతూనే అనేవారు గానీ, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. మిగిలిన మేమిద్దరం, నేనూ పక్క బెంచీ అమ్మాయీ, ఆ సమోసాలు తింటూ మనం మాత్రం తేవద్దని అనుకున్నాం.

మాకన్నా రెండేళ్ల ముందు చేరిన ఒక అక్క ఉండేది. నెల తప్పిన వెంటనే వెళ్లి గైడుకు చెప్పింది. ఆయన మంచి మనిషి. కడుపులో బిడ్డకు మంచిది కాదని మర్నాటి నుంచే ఆమెను సాల్వెంట్లనే ఘాటు ద్రవాల దగ్గరకు రానివ్వలేదు, లైబ్రరీలో కూర్చుని చేసే పని ఇచ్చారు. ఆమె చేస్తున్న మాలిక్యూల్ ఆగకూడదు కాబట్టి దాన్ని కొత్తగా వచ్చిన అబ్బాయికి ఇచ్చారు. అతను పూర్తి చేశాడు. పేపరు వచ్చింది, పేపర్లో ముందు అతని పేరు వచ్చింది. అక్క కాన్పుకు వెళ్లింది, మళ్లీ రాలేదు. ఇందులో ఎవరూ ఆమెకు అన్యాయం చేయలేదు. నాకు భయం వేసింది అందుకే.

నాలుగో ఏడు చివర్లో నాకు నెల తప్పినప్పుడు నా పనిలో ఇంకా ఆరు మెట్లు మిగిలి ఉన్నాయి. సముద్రపు నాచులో దొరికే ఒక పదార్థాన్ని గాజు పాత్రల్లో మొదటి నుంచి కట్టుకుంటూ రావడం నా పని. ఒక మెట్టులో తయారైనదే తర్వాతి మెట్టుకు సరుకు; ఒక్కోదానికి వరుసగా ఒక నంబరు. మధ్యలో ఒక్కటి కూడా వదలడానికి ఉండదు. ఆరు మెట్లకు నాలుగు నెలలు పడుతుందని లెక్క వేసుకున్నాను. నాలుగు నెలలు పొట్ట కనబడకుండా దాచుకోవచ్చనీ, కోటు వదులుగానే ఉందనీ అనుకున్నాను. గైడుకు చెప్పలేదు, ల్యాబ్‌లో పక్క బెంచీ అమ్మాయికి ఒక్కదానికే తెలుసు. ఇంట్లో మాత్రం నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టారని చెప్పాను.

మా ఆయన మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తారు. ఏ డ్రమ్ములో ఏముందో మూత తీయకుండానే వాసనతో చెప్పగల మనిషి. ఒకరోజు సాయంత్రం నా చున్నీ మడతపెడుతూ ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏంది, లైబ్రరీ పుస్తకాలకు గూడ క్లోరోఫామ్ పూస్తున్నరా?"

వరండా అంతా అదే వాసన, ల్యాబ్‌లన్నీ దాటుకునే కదా లైబ్రరీకి వెళ్లాలి అన్నాను. ఆయన నమ్మారు. నమ్మకపోయి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

పదో వారంలో పద్నాలుగో పదార్థం దగ్గరికి వచ్చాను. ఆ మెట్టులో పిరిడిన్ వాడాలి. కుళ్లిన చేపల వాసన వేసే, చర్మంలోంచి ఒంట్లోకి ఇంకే ద్రవం అది. ఫ్లాస్కు తడిగా ఉండి జారుతోందని గ్లౌజులు నేనే తీసేశాను. ల్యాబ్‌లో గ్లౌజులకు కొదవ లేదు, పెట్టె నా పక్కనే ఉంది. మూత విప్పుతుంటే ఫ్లాస్కు జారి, ఇనుప స్టాండుకు తగిలి పగిలింది. రెండు చేతులూ మణికట్టు దాకా తడిశాయి. నాకు ముందు చేతులు గుర్తు రాలేదు. బెంచీ మీద పారుతున్న మూడు వారాల పనిని పిపెట్‌తో ఎత్తుతూ నిలబడ్డాను. పక్క బెంచీ అమ్మాయి వెనక నుంచి నా భుజం పట్టుకుని సింకు దగ్గరికి లాగింది.

"పిచ్చి లేసిందానే నీకు? ముందుగాల చేతులు కడుగు. నువ్వొక్కదానివే ఉన్నవా ఈడ?"

చాలాసేపు కడిగాను. తర్వాత ఇద్దరం కలిసి ఎత్తగలిగినంత ఎత్తాం. సాయంత్రం నాలుగో నోట్‌బుక్కు డెబ్భై మూడో పేజీలో రాశాను. ఫ్లాస్కు పగిలింది, ఒలికింది, రెండు చేతులకు అంటింది, కడిగాను, దొరికింది ముప్పై ఒక్క శాతం. తేదీ వేసి సంతకం పెట్టాను. ఆమె తన చోట సంతకం పెట్టబోయి ఆగింది. చేతులకు అంటిందని రాయడం దేనికి, ఒలికిందంటే సరిపోతుంది కదా అంది. అంటింది కాబట్టి రాశానన్నాను. ఆ జవాబు చెప్పినందుకు ఆ రోజు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఆఖరి మెట్టు అయిదో నెలలో అయిపోయింది. పదార్థం సరిగ్గా తయారైందని చూపే స్పెక్ట్రమ్ కాగితం పట్టుకుని గైడు గదికి వెళ్లి, అది టేబుల్ మీద పెట్టి, అప్పుడు చెప్పాను. ఆయన కాగితం వైపు చూడలేదు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ముందే చెప్పాల్సింది కదమ్మా" అన్నారు. ఇక బెంచీ దగ్గరకు రావద్దనీ, మిగిలింది రాయడమే కాబట్టి ఇంట్లో కూర్చుని రాసుకోమనీ చెప్పి పంపించారు. నోట్‌బుక్కులు బ్యాగులో వేసుకుని షేర్ ఆటో ఎక్కాను. అన్నిటికన్నా కష్టమైనది అయిపోయిందని ఆటోలో అనుకున్నట్టు గుర్తు.

పాప నెలలు నిండే పుట్టింది. బరువు బాగుంది, వేళ్లన్నీ ఉన్నాయి. నేను వేళ్లు మళ్లీ మళ్లీ లెక్కపెట్టడం చూసి నర్సు నవ్వింది. కూర్చోవాల్సినప్పుడు కూర్చుంది, నడవాల్సినప్పుడు నడిచింది. మాటలే రాలేదు. ఏడాదిన్నర దాటింది. మా వరుస ఇళ్లలో పాప ఈడు పిల్లలు అమ్మ, తాత, బువ్వ అంటున్నారు. పాప వేలు చూపిస్తుంది, చెయ్యి పట్టి లాగుతుంది, నవ్వుతుంది. నోట్లోంచి ఊఁ అన్న శబ్దం తప్ప రాదు. తన కొడుకు కూడా మూడేళ్లకు గానీ మాట్లాడలేదని మా అత్తమ్మ ధైర్యం చెప్పేది. ఆ ధైర్యం మా ఆయనకు సరిపోయింది. ఆయనకు డెబ్భై మూడో పేజీ సంగతి తెలియదు.

థీసిస్‌లో మొదటి రెండు అధ్యాయాలు రాశాను. అవి పుస్తకాల నుంచి రాసేవి. మూడోది ప్రయోగాల అధ్యాయం. అది నోట్‌బుక్కు ముందు పెట్టుకుని రాయాల్సిందే. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలు, ఎంత దొరికింది, అన్నీ పేజీలో ఉంటాయి. మొదటి మూడు నోట్‌బుక్కులు బాగానే నడిచాయి. నాలుగోది తెరిచేసరికి తేదీలు తేదీల్లా కనబడలేదు. ఇది ఆరో వారం, హెక్సేన్. ఇది ఏడో వారం, క్లోరోఫామ్, రోజంతా. ఏ వారంలో కడుపులో ఏ అవయవం తయారవుతుందో ఒక పుస్తకంలో చదివి పెట్టుకున్నాను. పక్కపక్కన పెట్టి చూసుకునేదాన్ని. డెబ్భై రెండో పేజీ దాకా వచ్చి మూసేసేదాన్ని. పద్నాలుగో పదార్థం వదిలేసి పదిహేనోది రాయలేను. పదిహేనోది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడుగుతారు.

ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగితే మా ఇంట్లోకి వాసన వచ్చేది. అందరికీ అది నాచారం వాసన. నాకు మాత్రం దాంట్లో ఏమేం ఉన్నాయో విడివిడిగా తెలిసేది. ఎండాకాలం కూడా కిటికీలు మూసేదాన్ని. పిల్లను ఉడకబెట్టి తింటావా ఏంది అని ఇంటివాళ్లావిడ కింద నుంచి అరిచేది.

గైడు నెలకోసారి ఫోన్ చేసేవారు. ఎంతవరకు వచ్చిందమ్మా అనేవారు. మూడో అధ్యాయంలో ఉన్నాను సార్ అనేదాన్ని. అది అబద్ధం కాదు. ఒక పొడిగింపు తీసుకున్నాను, తర్వాత ఇంకొకటి. యూనివర్సిటీలో ఇక మూడోది ఇవ్వరు. ఆ గడువు దాటితే పేరు కొట్టేస్తారు, నాలుగున్నరేళ్లు చేసిన పని ఎవరో కొత్తవాళ్లకు సరుకవుతుంది. ఈలోగా రాష్ట్రం కోసం బందులు మొదలయ్యాయి. ఉప్పల్ నుంచి బస్సులు ఆగిపోయేవి, యూనివర్సిటీ మూసేసేవారు. మా ఇంట్లో అందరూ రాష్ట్రం రావాలనే కోరుకున్నవాళ్లు, నేను కూడా. కానీ టీవీలో బంద్ అని చెప్పగానే నాకు ముందు కలిగేది ఊరట. ఆ రోజు ఫోన్ రాదు, గడువు కూడా ఆగుతుంది అన్నంత ఊరట. గడువు ఆగలేదు. ఆ విషయం తెలిసి కూడా ప్రతి బందుకూ ఊపిరి పీల్చుకునేదాన్ని.

అలాంటి ఒక బందు రోజు మధ్యాహ్నం మా వదిన పైనుంచి దిగి వచ్చింది. వదిన అంటే మా ఆయన అక్క. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో హిస్టరీ చెబుతుంది. మా పై వాటాలోనే ఉంటుంది. నాకన్నా ఎంతో ముందు చరిత్రలో పీహెచ్‌డీకి చేరింది. ముసలి నేతగాళ్ల మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు ఆమె దగ్గర బిస్కెట్ డబ్బా నిండా ఉండేవి. వాటిని వినే టేప్ రికార్డర్ పాడైపోయి చాలా కాలమైంది. ఎప్పుడు పూర్తవుతుందని నా పెళ్లయిన కొత్తలో అమాయకంగా అడిగాను. వచ్చే ఎండాకాలం సెలవుల్లో అని చెప్పింది. ఆ తర్వాత ఎన్ని ఎండాకాలాలు గడిచాయో అడగలేదు.

"ఏం సైంటిస్టమ్మా, లోకానికి మందు కనిపెట్టుడు అయ్యిందా? లేకపోతే కిటికీలు మూసుడే పరిశోధననా?" అంటూ వచ్చి కూర్చుంది.

నా టేబుల్ మీద నోట్‌బుక్కు డెబ్భై రెండో పేజీ దగ్గర తెరిచి ఉంది. కిందటి వారం వచ్చినప్పుడు కూడా అక్కడే ఉంది. ఆమె పేజీ నంబరు చూసింది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. మీ దగ్గర నయం వదినా, మా సార్‌లా వెంటపడి అడిగేవాళ్లు ఉండరు అన్నాను నేను.

"నయమా?" అంది. "మీ దాంట్ల మీ సారుకు మీతోని పనుంటది. పేపర్ రావాలె, ల్యాబ్ నడువాలె. గందుకే అడుగుతడు. మా దాంట్ల నేను చదివినా, చదువకున్నా ఎవ్వలకు పనిలేదు. మా సారు రిటైరైండు. రెండో సారును రెండుసార్లు కలిసిన. మూడోసారి కలుద్దామని పోతే, నువ్వెవరమ్మా అన్నడు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఒక్క మాట జెప్త ఇను. నేను ఇడిసిపెడుతున్న అని ఒక్కనాడు గూడ అనుకోలే. మీవాళ్లు సమోసాలు పంచిన్రంటివి గదా. నేను ఎవ్వలికీ పంచలే. రేపు రాస్త అనుకున్న, గంతే. గిదే పేజీ దగ్గర నువ్వు కూసున్నట్టే కూసున్న."

పాప ఆమె మెడలోని నల్లపూసలు నోట్లో పెట్టుకుంటోంది. వదిన మెల్లగా తీసి, పోయిన ఏడాది పేరు కొట్టేశామని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చిందనీ, తమ్ముడికి కూడా చెప్పలేదనీ అంది. ఆ మాట అంటున్నప్పుడు గొంతు మామూలుగానే ఉంది. అప్పటిదాకా నేను రాయడం ఆలస్యమవుతోందని మాత్రమే అనుకున్నాను. నేను మానేసి చాలా రోజులైందేమోనని మొదటిసారి అనిపించింది.

తర్వాతి బందుకు మా ఆయన ఫ్యాక్టరీ కూడా మూసేశారు. గడువుకు ఇంకా ఐదు వారాలున్నాయి. నువ్వు చదువు, నేను టైప్ చేస్తాను అని ఆయనను నేనే అడిగాను. పాప మా ఇద్దరి మధ్య చాప మీద గిన్నెలు పెట్టుకుని ఆడుతోంది. ఆయన నాలుగో నోట్‌బుక్కు చదవడం మొదలుపెట్టారు. మూడు పేజీలు అయ్యాక వేగం తగ్గింది.

"ఈ తేదీలు..." అన్నారు. "అప్పుడు నువ్వు లైబ్రరీల ఉంటివి గదా?"

లేనన్నాను. ఆయన నన్ను చూడలేదు, పేజీనే చూశారు. తర్వాత ఒక్కో పేజీ చదివారు, నేను టైప్ చేశాను. డెబ్భై రెండు అయింది. కాగితం తిప్పిన చప్పుడు విన్నాను. ఫ్లాస్కు పగిలింది అని చదివారు. ఒలికింది అని చదివారు. ఆ తర్వాతి మాట దగ్గర ఆగిపోయారు. పాప గిన్నె మీద గరిటెతో కొడుతోంది. ఆయన ఎడమ చెయ్యి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకోవడం చూశాను. నేను ఎన్ని వందలసార్లు చేసిన లెక్కో అది.

"పిరిడిన్" అన్నారు. "గ్లౌజులు?"

"నేనే తీసేసిన."

కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడితే ఆ భయం సగం అయినా ఆయన దగ్గరికి పోతుందని ఎక్కడో ఆశ. ఆయన ఆగిన చోటు నుంచే, "రెండు చేతులకు అంటింది, కడిగాను, దొరికింది ముప్పై ఒక్క శాతం" అని చదివారు. "టైపు కొట్టు. తర్వాతి పేజీ చదువుత." నేను కొట్టాను. సాయంత్రానికి పద్దెనిమిదో పదార్థం దాకా వెళ్లాం. లేచేటప్పుడు మాత్రం, "రేపు బస్సులు నడుస్తయి. పిల్లను దవాఖానకు తోలుకపోదాం. ఇన్నొద్దులు నన్నొక్కన్ని నవ్వనిచ్చినవ్" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆస్పత్రిలో మూసిన గదిలో పాపను నా ఒళ్లో కూర్చోబెట్టి పక్క నుంచి శబ్దాలు వినిపించారు. కదలొద్దు, సైగ చేయొద్దు అని నాకు చెప్పారు. మొదటి శబ్దానికి పాప తిరగలేదు. రెండోదానికి తిరగలేదు. ఆ రెండు శబ్దాల మధ్య నేను మిగిలిన జన్మంతా చూసేశాను. మూడోదానికి మెడ తిప్పి, ఎక్కడి నుంచి వచ్చిందో అని చూసింది. ఆ తర్వాత ప్రతిదానికీ తిరిగింది. చెవులు బాగున్నాయన్నారు. మాట ఎందుకు రావడం లేదంటే ఇప్పుడే చెప్పలేమన్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా జరిగిందా అని డాక్టరమ్మ అడిగింది. ఆయన నా వైపు చూశారు. మొత్తం చెప్పాను. ఆమె కాగితం మీద రాసుకుంది. దానివల్లనే అనడానికి లేదు, కాదు అనడానికీ లేదు, చాలామంది పిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు, ఇంట్లో ఎక్కువగా మాట్లాడిస్తూ ఉండండి, ఆరు నెలలకు మళ్లీ తీసుకురండి అంది. ల్యాబ్‌లో అయితే ఇలాంటి ఫలితం వస్తే ప్రయోగం మళ్లీ చేస్తాం.

గడువుకు నాలుగు రోజుల ముందు థీసిస్ ఇచ్చాను. ఐదు నోట్‌బుక్కులూ ల్యాబ్‌లో అప్పజెప్పాను. నాలుగోది చేతిలోంచి వదలడానికి కొంచెం సేపు పట్టింది. తీసుకున్న గుమాస్తా పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసి, పుస్తకంలో సంతకం చేయించుకున్నాడు. పేజీలన్నీ ఉన్నాయి.

వైవా రోజు పాపను ఎత్తుకుని వదిన వచ్చింది. నేను లోపలికి వెళ్లేటప్పుడు, "పో సైంటిస్టమ్మా, ఈసారి సమోసాలు నువ్వు తేవాలె" అంది. తలుపు మూసుకునే ముందు చూశాను, ఆమె హాలు గోడల మీద పాత థీసిస్‌ల పేర్లు చదువుకుంటోంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన. అన్ని మెట్లూ బాగున్నాయన్నాడు. పద్నాలుగో పదార్థం దగ్గర మాత్రం వేలు పెట్టాడు. మిగతా అన్నిచోట్లా డెబ్భై, ఎనభై వస్తుంటే ఇక్కడ ముప్పై ఒకటేమిటి అని అడిగాడు. మా గైడు తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు. ఆయన నోట్‌బుక్కు చదివారని అప్పుడు తెలిసింది.

"ఒలికిపోయింది సార్" అన్నాను.

జరుగుతూనే ఉంటుంది అన్నట్టు తల ఊపి, పరీక్షకుడు పేజీ తిప్పాడు.

పాపకు ఇప్పుడు మూడేళ్లు దగ్గరపడుతున్నాయి. ల్యాబ్ నుంచి తెచ్చిన కాగితాల్లో అట్ట నలిగిన నోట్‌బుక్కు ఒకటి దొరికింది. నేనే కొనుక్కున్నది, ఏమీ రాయనిది. పాప నిద్రపోయాక అందులో రాస్తున్నాను. తేదీ, ఆ రోజు పాప నోట వచ్చిన మాట. పెన్నుతోనే రాస్తాను, చింపను. ఏ మాటా రాని రోజు కూడా తేదీ వేస్తాను, కాబట్టి చాలా పేజీలు తెల్లగా ఉన్నాయి. చూసినవారు దగ్గర మా ఆయన సంతకం పెడతారు; తాను కూడా విన్నప్పుడే పెడతారు. పోయిన వారం పాప వదినను చూసి అత్త అన్నదని రాశాను. ఆయన వినలేదు. వదిన విన్నానంది, కానీ ఆమె నన్ను సంతోషపెట్టడానికి ఏదైనా అంటుంది. మూడు రోజులు ఎదురుచూశాం, మళ్లీ అనలేదు. ఇందాకే ఆ మాట మీద అడ్డంగా ఒకే ఒక గీత కొట్టాను. కింద ఏముందో ఇంకా చదవడానికి వస్తోంది.